ఎడమ భుజం, యోషి

ఫిబ్రవరి 12

రేసు నోట్సు అందరూ తిరగేస్తారు. ఇంజనీర్లు చూస్తారు. మెకానిక్ మురోయి కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని మరీ చూస్తాడు. అందులో రాయకూడనివి రాసుకోవడానికి ఈ పుస్తకం కొన్నాను. హెల్మెట్ సంచి అడుగున పెడతాను. నా హెల్మెట్ సంచి ఎవరూ ముట్టుకోరు.

ఈ వేళ టీము వైద్యపరీక్ష. రక్తం, గుండె, మెడ, అన్నీ దివ్యంగా ఉన్నాయి. చివర్న కళ్ళు. గోడ మీద అదే చార్టు, అదే మేకు, కింద మూలన అదే టీ మరక. నల్లటి సున్నాలు వరసలుగా ఉంటాయి. ఒక్కో సున్నాకి ఒక్కో పక్క కంత. కంత ఎటుందో చెప్పాలి, అంతే. కుడికన్నుతో గడగడా చెప్పేశాను. తర్వాత నల్ల గరిటెతో కుడికన్ను మూసుకున్నాను.

కుడి, పైన, ఎడమ, కింద, కింద, కుడి, పైన.

"నలభై రెండేళ్ళకి ఇవేం కళ్ళండీ తొగాషి సాన్! నాకు అరువియ్యండి, నాలుగు రోజులు పేపరు చదువుకుంటాను" అన్నారు డాక్టర్ ఇసాకా.

ముసలాయన బెత్తం ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే నడుస్తుంది. ఒక్క సున్నా కూడా దాటదు. పోయిన వారం భుజం నొప్పని వంక పెట్టి వెళ్ళాను. ఆయన మందు కోసం లోపలికి వెళ్ళగానే చార్టుని ఫోన్లో ఫోటో తీసుకున్నాను. మూడు రోజుల్లో కంఠతా వచ్చేసింది. బళ్ళో ఎక్కాలు కూడా ఇంత శ్రద్ధగా నేర్చుకోలేదు.

ఇది మోసం కాదు. నేను కారు నడపగలను. ఆ సంగతి చార్టుకి తెలియదు.

ఫిబ్రవరి 15

పక్క ఊరు నుమజు వెళ్ళొచ్చాను. అక్కడి కంటి డాక్టరుకి రేసులంటే ఏమిటో తెలియదు, అందుకే ఆయన దగ్గరికి వెళతాను. అక్టోబరులో ప్రాక్టీసులో గోడకి కొట్టుకున్నప్పటి నుంచి ఎడమకంటి నడిమధ్య మసక. కారద్దం మీద ఎవరో బొటనవేలు రుద్దినట్టు. పక్కలు కనబడతాయి, సూటిగా చూసింది మాత్రం కనబడదు.

నరం దెబ్బతింది, తిరిగి రాదు అన్నాడు. "దూరాలు అంచనా వేసేటప్పుడు జాగ్రత్త. మరీ ముఖ్యంగా దగ్గరి వస్తువులు. టీ పోసుకోవడం, సూదిలో దారం, అలాంటివి."

నేను సూదిలో దారం ఎక్కించను. గంటకి రెండొందల ఎనభై కిలోమీటర్ల మీద బ్రేకు వేస్తాను. దానికి గుర్తులున్నాయి, బోర్డులున్నాయి, ఇరవై మూడేళ్ళ అలవాటుంది. ట్రాక్ నాకు కళ్ళతో కాదు, వెన్నుతో తెలుసు.

మా టీముకి మాత్రం రెండు కళ్ళూ కావాలి. కాగితం మీద.

ఫిబ్రవరి 23

సీజన్ మొదలయ్యేముందు టీమంతా గుడికి వెళ్ళడం ఆనవాయితీ. ఈసారి నాకు ప్రత్యేకం. మా లెక్కలో మగవాడికి నలభై రెండో ఏడాది గండం. గండం పోగొట్టే పూజ చేయించకపోతే ఇంట్లో వంట బంద్ అని చిజురు ముందే చెప్పింది. నా భార్య అన్న మాట తప్పే మనిషి కాదు.

పూజారి కాగితాల కుంచె నా తల మీద అటూ ఇటూ ఊపాడు. వెనక నుంచి మురోయి గొణిగాడు. "వీడి గండం కారు వల్ల కాదండీ, నోటి వల్ల. కాస్త మూతి మీద కూడా ఊపండి."

మురోయి మా హెడ్ మెకానిక్. నాకు పంతొమ్మిదేళ్ళప్పటి నుంచి నా కార్లకి అతనే. అరవైకి రెండేళ్ళ దూరంలో ఉన్నాడు. ఈ భూమ్మీద నన్ను 'ఒరేయ్' అనే హక్కు ఇంకెవరికీ లేదు.

నా జోడీ డ్రైవర్ ఒగిసో పగలబడి నవ్వి, మేనేజర్ హనవా సాన్ చేత చీవాట్లు తిన్నాడు.

మార్చి 16

టెస్టింగ్. ఒగిసో కంటే సెకనులో రెండు పదో వంతులు ముందున్నాను. చూశారా?

ఎవరిని అడుగుతున్నానో.

ఒగిసోకి ఇరవై ఎనిమిది. ఆరేళ్ళుగా ఇద్దరం ఒకే కారు పంచుకుంటున్నాం. సగం రేసు నేను, సగం రేసు అతను. బ్రేకు ఎక్కడ ఒదలాలో నేనే నేర్పాను. ఇప్పుడు ఇంటర్వ్యూల్లో అది తన కనిపెట్టుడులా చెబుతాడు. అడిగితే "గురుదక్షిణగా పేటెంటు నేను తీసుకున్నా తొగాషి సాన్, మీరు పెద్దవాళ్ళు, మీకెందుకు ఈ గోల" అంటాడు. వెధవని ఏమీ అనలేం.

డ్రైవర్లు మారే ప్రాక్టీసు ఈ వేళ నలభై సార్లు చేశాం. దిగినవాడే ఎక్కినవాడికి బెల్టులు పెట్టాలి. ఎక్కినవాడికి హెల్మెట్టూ మెడ పట్టీ ఉంటాయి, తన ఛాతీ తనకి కనబడదు. కుడి భుజం, ఎడమ భుజం, నడుము, తొడలు, అన్నీ ఛాతీ కింద ఒకే బకిల్లో పడాలి. పిట్‌లో కారు ఆపి టైర్లు మార్చడం అయ్యేలోపు ఇదంతా అయిపోవాలి.

ఆ పైన మురోయి శాసనం ఒకటుంది. కుర్రతనంలో రైల్వేలో పనిచేశాడు, అక్కణ్ణుంచి తెచ్చుకున్న అలవాటు. ఒక్కో బెల్టునీ వేలితో చూపించి గట్టిగా 'యోషి' అనాలి. కుడి భుజం, యోషి. ఎడమ భుజం, యోషి. అంటే చూశాను, సరిగ్గా ఉంది అని. పిట్‌లో మోతకి ఎవరికీ వినబడదు, హెల్మెట్లో నోరు ఎవరికీ కనబడదు. అయినా అరవాల్సిందే.

"వేలు, నోరు, కన్ను, మూడూ ఒక్క చోటికి రావాలిరా. అప్పుడే మనిషి నిజంగా చూసినట్టు" అంటాడు.

నలభైలో మూడుసార్లు ఎడమ భుజం పట్టీ బకిల్ పక్కన పొడిచాను. గ్లవ్స్ కొత్తవి.

మార్చి 17

గ్లవ్స్ కొత్తవే. పాతవి తీసి చూశాను, వేళ్ళ దగ్గర మెత్తబడి ఎంత బాగున్నాయో.

ఏప్రిల్ 7

సోమవారం. చిజురు సెలూనుకి సెలవు. నాకు క్రాఫు చేసే రోజు ఇదే. ఖాళీ షాపులో, వెనక కుర్చీలో.

"నీ తల ఎందుకిలా ఎడమవైపు తిరిగిపోతోంది?" అంది కత్తెర ఆపి.

"తిరగడమేంటి?"

"అద్దంలో చూడు. ముక్కు గుమ్మం వైపుంది. చలికాలం నుంచీ చూస్తున్నా, ప్రతిసారీ నేనే పట్టుకుని నిటారుగా పెడుతున్నా."

"మెడ నొప్పి. రేసు డ్రైవర్లకి మామూలే."

"ఇరవై ఏళ్ళుగా ఈ తలే కదా కోస్తున్నాను, ఎప్పుడూ లేని మామూలు ఇప్పుడొచ్చిందా?" అంది. ఆ తర్వాత ఏమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు టీ తనే పోసి ఇచ్చింది. ఈమధ్య ఎప్పుడూ తనే పోస్తోంది.

మే 4

మూడో స్థానం. విజేతల వేదిక మీద ఒగిసో నా మెడలో చల్లటి షాంపేన్ పోశాడు. కింద నుంచి ఎవరో నా పేరున్న పాత జెండా ఊపారు. టైటిల్ గెలిచిన ఏడాదిది, రంగు వెలిసిపోయింది.

తొమ్మిదేళ్ళప్పుడు నాన్న నన్ను గో కార్టులో కూర్చోబెట్టాడు. ఇరవై మూడుకి ఇంగ్లండు వెళ్ళాను. అక్కడ నా పేరు రోజుకో రకంగా పలికేవాళ్ళు. ఒక చలికాలమూ ఒక వేసవీ వానలో తడిసి, ఏమీ గెలవకుండా తిరిగొచ్చాను. ముప్పై ఒకటికి ఇక్కడ టైటిల్. అప్పటి నుంచి పదకొండేళ్ళుగా నేను 'మాజీ చాంపియన్'. ఇంకో ఉద్యోగం చేసి ఎరగను. కారు దిగితే నేనేమిటో నాకు తెలియదు. భయమేస్తుంది.

ఇంకో రెండు సీజన్లు. అంతే అడుగుతున్నాను.

జూన్ 10

మసక చిన్నదైంది. ఖాయం.

జూన్ 11

చిన్నది కాలేదు.

జూలై 22

వేడి. బార్లీ టీ తాగడం తప్ప ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. పోసుకుంటుంటే గ్లాసు పక్కన పడింది. చిజురు ఇంట్లో లేదు. తుడిచేశాను.

ఆగస్టు 3

ఒగిసో ఊపిరితో ఉన్నాడు.

ఆగస్టు 4

రాస్తాను. రాస్తే సర్దుకుంటుంది.

ముప్పై నాలుగో ల్యాప్‌లో నేను పిట్‌లోకి వచ్చాను. రెండో స్థానంలో ఉన్నాం. దిగాను, ఒగిసో ఎక్కాడు. లోపలికి వంగి బెల్టులు పెట్టాను. కుడి భుజం, యోషి. ఎడమ భుజం, యోషి. నడుము, తొడలు, యోషి, యోషి. తలుపేశాను. వెళ్ళిపోయాడు. అతని మూడో ల్యాప్‌లో, పొడుగాటి దారి చివర్న, ముందెవరి కారు నుంచో ఊడిన ముక్క మీదికెక్కి ముందు టైరు పేలింది. గోడ.

టైరు పేలడం ఎవరి తప్పూ కాదు. అందరూ ఒప్పుకున్నదే.

అంత దెబ్బకి కూడా ఆ కారులోంచి మనిషి నడిచి బయటికి రావాలి. అక్టోబరులో నేను వచ్చాను. ఒగిసో రాలేదు. ఎడమ భుజం పట్టీ బకిల్లోంచి ఊడిపోయింది. ఒళ్ళు మెలితిరిగి, మెడకీ భుజానికీ మధ్య నరాలు తెగాయి.

పట్టీ బకిల్లో పడ్డప్పుడు క్లిక్ విన్నాను.

ఆగస్టు 5

క్లిక్ విన్నాను.

ఆగస్టు 6

అందరం కలిసి పిట్ కెమెరా వీడియో చూశాం. ఏడుసార్లు. తెర మీద నా వీపు, నా చెయ్యి. వేలు కుడి భుజం వైపు వెళ్ళింది. తర్వాత ఎడమ భుజం వైపు, సూటిగా, కర్ర పుల్లలా. తర్వాత నడుము.

"తొగాషి చెయ్యాల్సిందంతా చేశాడు" అన్నారు హనవా సాన్. "చూశాడు, చూపించాడు. అంటే బకిల్‌లోనే లోపం ఉండాలి."

గదిలో అందరూ మురోయి వైపు చూశారు. బకిళ్ళు విప్పి, కడిగి, మళ్ళీ బిగించేది అతనే. ఇంకొకరి చేత చేయించడు.

మురోయి చాలాసేపు తెర వైపే చూశాడు. తర్వాత లేచి నడుము దాకా వంగి, "నా బాధ్యత" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. అనడానికి ఏముంది? వీడియో ఉంది కదా.

ఆగస్టు 8

చెవుల్లో ప్లగ్గులు, ఆ పైన హెల్మెట్, పక్కన టైర్ల నట్లు విప్పే నాలుగు మరల మోత. క్లిక్ వినబడదు. ఇరవై మూడేళ్ళలో ఎన్నడూ వినబడలేదు.

నేను ఏం విన్నట్టు?

ఆగస్టు 12

ఆసుపత్రికి వెళ్ళాను. చిజురు పీచ్ పళ్ళు తొక్క తీసి డబ్బాలో పెట్టిచ్చింది. ఒంటిచేత్తో తినడానికి వీలుగా చిన్న ముక్కలు చేసింది. నాకు ఆ ఊహే రాలేదు.

ఒగిసో ఎడమ చెయ్యి దిండు మీద పడి ఉంది. ఎవరో అక్కడ మర్చిపోయి వెళ్ళినట్టుంది. నన్ను చూడగానే నవ్వాడు.

"రండి రండి. పేటెంటు వెనక్కిచ్చేస్తున్నా, తీసుకోండి. బ్రేకు ఇక మీరే ఒదులుకోవాలి."

"అవేం మాటలు. వేసవి దాటనీ, చెయ్యి బాగవుతుంది."

"డాక్టర్లు అవదంటున్నారులెండి." పీచ్ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "మురోయి సాన్ వచ్చారు మొన్న. ఇదిగో ఈ నేల మీద తలానించి లేవరే! నేను లేపలేను, చూశారుగా. నర్సొచ్చి లేపింది. బకిల్లో లోపం ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది, చెప్పండి?"

నేను డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాను.

"మీరైనా ఆయనకి చెప్పండి. మీరు వేలు చూపించారు, నేను చూశా. మీ వేలు కదిలిందంటే నాకు చాలు. ఆరేళ్ళలో ఒక్కసారైనా పట్టీ లాగి చూసుకున్నానా? ఎందుకు చూసుకోవాలి?"

ఇంకో రెండు ముక్కలు తిన్నాడు. నేను రైలు టైమయిందని చెప్పి వచ్చేశాను. నేను వెళ్ళింది కారులో.

ఆగస్టు 19

టీము పత్రికల ముందు క్షమాపణ చెప్పింది. హనవా సాన్, మురోయి వరసగా నిలబడి వంగారు. కెమెరాలు టపటపలాడాయి. డ్రైవరుగా నేను పక్కన నల్ల సూటులో నిలబడ్డాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఒక విలేఖరి మాత్రం "మనసు ఎంత బాధపడి ఉంటుందో" అన్నాడు.

అక్కణ్ణుంచి మురోయి సరాసరి చిజురు సెలూనుకి వచ్చాడు. నేను వెనక గదిలో ఉన్నాను, తెర సందులోంచి కనబడుతూనే ఉంది.

"గుండు చెయ్యమ్మా" అన్నాడు కుర్చీలో కూర్చుని.

"మురోయి సాన్, ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చేస్తున్నారండీ?"

"నేను పాత రోజులవాణ్ణే కదమ్మా. తప్పు చేసినవాడు జుట్టుతో ఊళ్ళో ఎలా తిరుగుతాడు? కానీయ్. ఎండాకాలం, చల్లగా కూడా ఉంటుంది."

మిషను చప్పుడు. నెరిసిన జుట్టు గుత్తులు గుత్తులుగా తెల్లటి గుడ్డ మీద పడింది. మధ్యలో ఒకసారి అన్నాడు, "ఆ బకిల్ ముందురోజే విప్పానమ్మా. స్ప్రింగు కొత్తది వేశాను. నూనె చుక్క కూడా కొలిచి వేశాను. ఎక్కడ పొరపాటు జరిగిందో ఎంత ఆలోచించినా దొరకదు. అదే నిద్ర పట్టనివ్వట్లేదు."

చిజురు మిషను ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

అతను ఈ నెలాఖరుకి మానేస్తున్నాడు. నేను తెర వెనకే ఉండిపోయాను. బయటికి వెళ్ళి ఒక్క మాట అంటే అయిపోయేది.

ఆగస్టు 20

బకిల్లో లోపం ఉండి ఉండవచ్చు. కొత్త స్ప్రింగులు ఒక్కోసారి అలా చేస్తాయి.

ఆగస్టు 21

సిగ్గు లేదు నాకు.

ఆగస్టు 25

సోమవారం. వెనక కుర్చీలో కూర్చున్నాను.

"నాకూ గుండు చెయ్యి."

చిజురు గుడ్డ కప్పబోతూ ఆగిపోయింది. "ఎందుకు?"

"ఒగిసో నా జోడీ. మురోయి ఒక్కడే చేయించుకుంటే ఏం బాగుంటుంది?"

తను గుడ్డ మడిచి కుర్చీ చేతి మీద పెట్టింది. ఎదురుగా వచ్చి, రెండు చేతులతో నా తల పట్టుకుని, నిటారుగా తిప్పింది. అలాగే పట్టుకుని నిలబడింది.

"మురోయి సాన్ గుండుకి ఒక కారణం చెప్పాడు. నీదానికి చెప్పు, చేస్తాను."

"చెప్పాను కదా."

"అది కాదు."

"ఇంకేముంది?"

"నీ టీ నేనెందుకు పోస్తున్నానో ఎప్పుడైనా అడిగావా? బల్ల మీద మరకలు కనబడవనుకున్నావా? నేను రోజంతా వెంట్రుకవాసి తేడాలు చూసి బతికేదాన్ని యసుతకా." నా తల వదిలేసింది. "ఏప్రిల్లోనే నేను అరిచి గోల చెయ్యాల్సింది. రేసు మానెయ్యమంటే నువ్వు చచ్చిపోతావేమోనని భయపడ్డాను. ఆ భయానికి ఒగిసో చెయ్యి పోయింది. నాకూ కారణం ఉంది. నేనెక్కడ చేయించుకోను గుండు?"

మిషను సొరుగులో పెట్టి తాళం వేసింది. ఇంటిదాకా విడివిడిగా నడిచాం.

సెప్టెంబర్ 7

రేపు మళ్ళీ వైద్యపరీక్ష. పెద్ద ప్రమాదం జరిగితే తర్వాతి రేసు ముందు డ్రైవర్లందరికీ చెయ్యాలట. అదే గది. అదే చార్టు. ఫోటో తీసి చూసుకోనక్కర్లేదు, కల్లో అడిగినా చెబుతాను. కుడి, పైన, ఎడమ, కింద, కింద, కుడి, పైన.

సెప్టెంబర్ 8

డాక్టర్ ఇసాకా బెత్తం మొదటి సున్నా మీద పెట్టారు. నల్ల గరిటె నా కుడికంటి మీద ఉంది. 'కుడి' అన్న మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. అంటే చాలు, శనివారం కారెక్కుతాను.

"తెలియదు" అన్నాను.

"తొందరేం లేదు, నెమ్మదిగా చూడండి."

"తెలియదండీ."

బెత్తం రెండో దాని మీదికి వెళ్ళింది.

"తెలియదు."

మూడోది. నాలుగోది. ఆయన గొంతు తగ్గిపోయింది. చివరికి బెత్తం అన్నిటికంటే పైన, గుమ్మంలోంచి కూడా కనబడేంత పెద్ద సున్నా మీద పెట్టారు.

"ఇదీ?"

"ఏదో నల్లగా ఉంది. కంత ఎటుందో తెలియదు."

ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు. "మరి ఫిబ్రవరిలో?"

"ఫిబ్రవరిలోనూ తెలియదు. బట్టీ పట్టాను."

డాక్టరు గారు లేచి, చార్టు మేకు నుంచి తీసి, చుట్టి, బీరువాలో పెట్టేశారు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. వెళ్ళొస్తానంటే తల మాత్రం ఊపారు.

సెప్టెంబర్ 9

హనవా సాన్‌కి మొత్తం చెప్పాను. కన్ను సంగతి, చార్టు సంగతి, బెల్టు సంగతి. ఎడమ పట్టీ బకిల్లో పడిందో లేదో నాకు కనబడలేదని, కనబడకుండానే వేలు చూపించానని, కనబడకుండానే యోషి అన్నానని.

ఆయన కిటికీ మూసొచ్చి కూర్చున్నారు. "కన్ను బాగాలేదని రిటైర్ అయిపో. పూలగుత్తి ఇచ్చి గౌరవంగా పంపిస్తాం. బెల్టు సంగతి ఇప్పుడెందుకు తవ్వడం? మురోయి తనంతట తనే ఒప్పుకున్నాడు. ఎటూ వెళ్ళిపోయాడు. ఒగిసోకి మాత్రం దీనివల్ల చెయ్యి తిరిగొస్తుందా?"

ఆ మాట వినగానే ప్రాణానికి హాయిగా అనిపించింది. దాచకుండా రాస్తున్నాను, నిజంగానే హాయిగా అనిపించింది. పూలగుత్తి కూడా కళ్ళ ముందు కనబడింది.

"మురోయి ముందురోజే స్ప్రింగు కొత్తది వేశాడండీ" అన్నాను.

"అయితే?"

"ఎక్కడ పొరపాటు జరిగిందా అని ఆయన ఇంకా వెతుకుతున్నాడు."

హనవా సాన్ తల పట్టుకుని, చివరికి కాగితం నా ముందుకి తోశారు. "రాయి. నీ చేత్తోనే రాయి."

సెప్టెంబర్ 13

ప్రకటన వచ్చింది. తొమ్మిది లైన్లు. ఇరవై మూడేళ్ళకి తొమ్మిది లైన్లు. వాటిలో ఒకటి మురోయి గురించి, నేను పట్టుబట్టి రాయించింది.

సెలూను తలుపు మీద ఎవరో నా పేరున్న ఆ పాత జెండా ముడిచి కట్టేసి వెళ్ళారు. తిట్టు రాయలేదు. వెనక్కిచ్చేశారు, అంతే.

సెప్టెంబర్ 15

మురోయి ఇంటికి వెళ్ళాను. పెరట్లో పొలం మోటారు విప్పుకుని కూర్చున్నాడు. తల మీద అర అంగుళం తెల్ల జుట్టు మొలిచింది. నేలకి తలానించాను. ఎంతసేపటికీ లేపలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు చివరికి.

"అక్టోబరు నుంచి."

"అంటే గుళ్ళో నీ మూతి మీద జోకులేసినప్పటికే."

"అవును."

"ఒరేయ్." ఆ ఒక్క మాటే అని ఆగాడు. చేతిలోని పానా మోటారు మీద పెట్టాడు. "నాకొక్కడికి చెప్పుంటే ఏమయ్యేదిరా? ఆ ఎడమ పట్టీ నేనొచ్చి పెట్టేవాణ్ణి. నీకు కనబడనిది నేను చూసేవాణ్ణి. ఇరవై మూడేళ్ళు ఇంకేం చేశాననుకున్నావు?"

నాకు ఏడుపొచ్చింది. అతను చూడలేదు, చూసినా పట్టించుకోలేదు.

"ఆ వేలు చూపించడం నేను నేర్పిందే. దాన్ని నామీదికే తిప్పావు. పో. మళ్ళీ రాకు."

టీము రమ్మన్నా తిరిగి వెళ్ళలేదట. చిజురు చెప్పింది.

అక్టోబర్ 2

ఒగిసో ఫోన్ ఎత్తడు.

అక్టోబర్ 20

సోమవారాలు సెలూనుకి సెలవు కాబట్టి చిజురు ఒగిసోని తన కారులో చెయ్యి వ్యాయామానికి తీసుకెళుతోంది. వాళ్ళావిడ పనికి వెళుతుంది, ఇంకెవరూ లేరు. వెళ్ళే ముందు నా వైపు చూస్తుంది. నేను రానా అని అడగను. తనూ రమ్మనదు. గుమ్మంలో నిలబడతాను.

అక్టోబర్ 27

ఏమీ లేదు. వాన.

నవంబర్ 17

పొద్దున్న చిజురు చెప్పులేసుకుంటూ అంది, "ఇవాళ నిన్ను కూడా రమ్మన్నాడు."

"ఏమన్నాడు?"

"అంతే. కావాలంటే రమ్మనండి అన్నాడు."

ఫుజి కొండ మీద సగం దాకా మంచు దిగింది. దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. ఒక్కటీ నిలవలేదు. ఒగిసో వీధి చివర నిలబడి ఉన్నాడు. ఎడమ చెయ్యి కోటు జేబులో దోపుకుని ఉంది. చిక్కిపోయాడు. నేను దిగి ముందు సీటు అతనికిచ్చాను.

"చలిగా ఉంది కదూ" అన్నాడు నా వైపు చూడకుండా.

"అవును. బాగా" అన్నాను.

కూర్చున్నాడు. బెల్టు ఎడమ భుజం వెనక నుంచి రావాలి. కుడిచెయ్యి అడ్డంగా చాపి అందుకోబోయాడు, కోటు అడ్డొచ్చింది. రెండుసార్లు ప్రయత్నించాడు. చిజురు పక్కకి వంగబోయి ఆగిపోయింది.

నేను వంగాను. పట్టీ లాగి అతని ఛాతీ మీదుగా తెచ్చాను. ఎడమకన్ను మూసుకున్నాను. అయినా నమ్మకం కుదరక, వేళ్ళతో తడిమి బకిల్ నోరు ఎక్కడుందో చూసుకుని, అందులో పెట్టి నొక్కాను. కారులో నిశ్శబ్దం. ఈసారి క్లిక్ నిజంగానే వినబడింది.

నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే లేచింది. ఇరవై మూడేళ్ళ అలవాటు. దాన్ని మడిచేసి వెనక్కి తీసుకున్నాను. నోరు తెరవలేదు.

ఒగిసో నా వేలు వైపు చూడలేదు. కుడిచేత్తో తనే పట్టీ పట్టుకున్నాడు. ఒకసారి లాగి చూశాడు. రెండోసారి, మూడోసారి ఇంకా గట్టిగా.

తర్వాత చిజురుతో అన్నాడు, "పోనివ్వండి."